రుమాలు లేని సర్వర్

నిద్రలో లేపి అడిగినా సదాశివ తన నష్టాలకు కారణం వరప్రసాదేనని చెబుతాడు. పెళ్ళిలో అత్తవారు ఒక బీరువా ఇచ్చారు, ఒక బామ్మర్దిని ఇచ్చారు. బీరువా తుప్పు పట్టి పోయింది. బామ్మర్ది మాత్రం పోలేదు. కంప్యూటర్లు చూసుకుంటానని ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి గోదాం, అబిడ్స్‌లో రెండో అంతస్తులో ఆఫీసు. అదీ సదాశివ ఆస్తి. రెండు సీజన్లుగా నష్టమే. ఇప్పుడొక పచ్చళ్ళ కంపెనీ నలభై టన్నుల మిర్చికి రేట్లు అడిగింది. ఎవరి రేటు తక్కువైతే ఆర్డర్ వాళ్ళది. కిలోకు మూడు రూపాయలు మిగులుతాయి, గోదాం నిలుస్తుంది. ఆర్డర్ రాకపోతే గోదాం వదులుకోవాల్సిందే. ఫోనులో చెప్పిన రేటు చెల్లదు, కాగితం మీద రాసింది చెల్లదు. ఇక్కడి సర్వర్ నుంచి కంపెనీ సర్వర్‌కే పోవాలి, అదీ మధ్యాహ్నం పన్నెండు లోపల. పొద్దున్నే పంపేసి, నాంపల్లి దాకా నడిచి ఒక ఇరానీ చాయ్ తాగి రావాలని సదాశివ అనుకున్నాడు.

వరప్రసాద్ రేట్లు పంపే ప్రోగ్రాం నడిపించాడు. అది లేచింది, కంపెనీ సర్వర్‌ను పలకరించింది, ఢమాల్న పడిపోయింది. మళ్ళీ లేపాడు. మళ్ళీ పడింది.

"ఏందిరా గిది? లేస్తది, పడ్తది. పొద్దుగాల్నే తాగి వచ్చిందా?" అన్నాడు సదాశివ.

"వేడెక్కింది బావా. మిషిన్‌కు వడదెబ్బ."

"తెర మీద ఇంగ్లీషుల ఏదో రాస్తున్నది కద?"

"పడిపోయినా అని రాస్తున్నది. గది మనకు కనబడుతనే ఉన్నది."

వరప్రసాద్ చదివింది ఆఖరి లైను ఒక్కటే. పై లైన్లు చదివే ఓపిక అతనికి పుట్టుకతోనే లేదు.

కింద షర్బత్ బండి నుంచి ఐసు దిమ్మ వచ్చింది. దాన్ని తొట్టిలో పెట్టి, వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టి, చల్లగాలి సర్వర్ మీదికి మళ్ళించారు. సర్వర్ చల్లబడింది. చల్లగా పడిపోయింది. కోపంతో లేచిన సదాశివ కాలు తొట్టికి తగిలింది. నీళ్ళు నేల మీది ప్లగ్గుబోర్డులోకి పోయాయి. ఠప్‌మని ఆఫీసంతా కరెంటు పోయింది.

చీకటి గదిలో సదాశివకు వెలుగు కనిపించింది. ఎదురు గది రాఘవేంద్ర! వాడిదీ మిర్చి వ్యాపారమే. వాడూ అదే కంపెనీకి రేటు పంపాల్సినవాడే.

"వాడే ఏదో వైరస్ వదిలిండు!" అంటూ వరండా దాటి రాఘవేంద్ర తలుపు బాదాడు. "నా సర్వర్‌కు ఏం చేసినవయ్యా?"

రాఘవేంద్ర నొచ్చుకోలేదు. "నేనేం చేశానండీ సదాశివ గారూ? అయ్యో, మీకు కరెంటు కూడా పోయినట్టుందే! మాకు ఇన్వర్టర్ ఉందిగా, వైరు లాక్కోండి."

సదాశివ తల వాలిపోయింది. రాఘవేంద్ర గది నుంచి వరండా మీదుగా పొడుగాటి వైరు వచ్చింది. వైరు నలగకూడదని రెండు గదుల తలుపులూ బార్లా తెరిచే ఉంచారు.

"పోటీవాడైనా మనిషిరా. నువ్వూ ఉన్నవ్, ఇంటివాడివి!" అని బామ్మర్దిని ఒక మాట అని, సదాశివ ఆ ప్రోగ్రాం అమ్మిన లహరికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"అంకుల్, తెర మీద పై లైను చదవండి" అంది లహరి.

వరప్రసాద్ వంగి చదివాడు. "ఎన్‌క్రిప్షన్ సపోర్ట్ లేదట."

"అదే! కంపెనీవాళ్ళు ఈ వారం నుంచి రహస్య భాషలోనే మాట్లాడుతున్నారు అంకుల్. మీ ప్రోగ్రాంలో ఆ భాగమే లేదు. వాళ్ళు ఆ భాషలో పలకరించగానే ఏం చెయ్యాలో తెలియక పడిపోతోంది."

సదాశివకు మిర్చి బజారు గుర్తుకొచ్చింది. ఉస్మాన్‌గంజ్‌లో పాతకాలపు దళారులు రేటు నోటితో చెప్పరు. రుమాలు కింద చేతిలో చెయ్యి పెట్టి, వేళ్ళు నొక్కి తేల్చుకుంటారు.

"అంటే వాడు రుమాలు కప్పి చెయ్యి చాపుతుండు. మనోని దగ్గర రుమాలే లేదు!"

"కరెక్ట్ అంకుల్!"

"మరి ఎందుకు లేదమ్మా?"

"ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు కావాలా అని అడుగుతుంది. ఎవరో వద్దన్నారు."

సదాశివ చూపు పక్కకు తిరిగింది.

"నన్నేం చూస్తవ్ బావా? 'ఏది అడిగినా వద్దనే చెప్పు, ఔ అంటే పైసలడుగుతరు' అన్నది నువ్వే కద!"

వాదించే సమయం లేదు. లహరి ఆ భాగాన్ని దూరం నుంచే ఎక్కించి, ఇక మీ రేటు దారిలో ఎవ్వరూ చూడలేరని ఒట్టేసింది. ప్రోగ్రాం లేచింది, పలకరించింది, నిలబడింది. పన్నెండుకు ఇంకో పావుగంటే ఉంది. సదాశివ ఫోను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద రోడ్డు మీద హారన్లు, అరిస్తే తప్ప మాట వినబడదు.

"రేటెంత కొట్టాలె బావా?"

"నూట తొంభై రెండు!"

"తొంభై రెండా?"

"నూట! నూట తొంభై రెండు! చెవుల మిర్చి దూర్చుకున్నవా?"

వరండా రెండుసార్లు ఆ అంకెను తిరిగి పలికింది. వరప్రసాద్ మీట నొక్కాడు. రేటు పోయింది, సర్వర్ పడలేదు. సదాశివ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనే చాయ్ తెప్పించి, ఒక కప్పు రాఘవేంద్ర బల్ల మీద పెట్టాడు.

"మీ రుణం తీర్చుకోలేనయ్యా."

"దానిదేముందండీ," అన్నాడు రాఘవేంద్ర, తన కంప్యూటర్ మీద ఒక మీట నొక్కుతూ. "నాదీ ఇప్పుడే పంపాను."

చాయ్ చల్లారకముందే కంపెనీ ఫలితం చెప్పింది. నూట తొంభై ఒక్క రూపాయల తొంభై పైసలకు ఆర్డర్ రాఘవేంద్రది.

వరప్రసాద్‌కు నమ్మశక్యం కాలేదు. "గట్లెట్ల బావా? మన రేటు దారిల ఎవ్వడూ చూడలేడని లహరి ఒట్టేసి చెప్పింది!"

ఇంటి నుంచి భార్య శశికళ ఫోన్ చేసి, ఎంత పోయిందని అడిగింది. సదాశివ లేచి, వరండా వైపు తలుపు గడియ వేసి, కిటికీ మూసి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు: లక్షా ఇరవై వేలు.