ఒక్కరికే సరిపోయే డేరా

ఇక మీదట కోరుట్ల అంగడికి పోయినప్పుడల్లా రాత్రికి కారులోనే పడుకుంటానని కనకయ్య చెప్పినప్పుడు బాలమణి చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. చేతిలోని ఆకు చేతిలోనే ఆగిపోయింది.

"కోరుట్లల నీ సొంత చెల్లె లేదా?"

"ఉన్నది."

"దానికి ఇల్లు లేదా?"

"ఉన్నది."

"ఇంట్ల మంచం లేదా?"

"గదే వద్దంటున్న. నాకోసం వాళ్లు మంచం దిగుడెందుకు? అంగడంగడికి సిరిసిల్లల ఇంటికి రానుపోను పెట్రోలు దండుగ. ఆడ్నే కారుల పండుకుంటె వ్యాపారం జర బాగుపడ్తది."

కనకయ్య వ్యాపారం గురించి మాట్లాడుతున్నాడంటే ఏదో దాస్తున్నాడన్న మాట. మామూలుగా ఆయన వ్యాపారం గురించి మాట్లాడడు. చేసేది కూడా అంతంత మాత్రమే. మగ్గాలు ఆగిపోయిన తరువాత పాత కారొకటి కొని, వెనక సీటు పీకేసి, తువ్వాలలూ లుంగీలూ నింపుకొని జగిత్యాల, కోరుట్ల వారపు అంగళ్లు తిరుగుతున్నాడు. కొనేవాళ్లు బేరమాడితే నొచ్చుకుంటాడు. ఆడకపోతే అనుమానపడతాడు.

ఆయన దాస్తున్నదేమిటో బాలమణికి తెలుసు. తెలియనట్టు ఉండడం కూడా తెలుసు.

వేణు కనకయ్యకు ఆఖరి తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడు ఇంకా బడికి పోయే ఈడు కాదు. అప్పుడే కొత్తకోడలుగా వచ్చిన బాలమణే వాడికి అన్నం కలిపి పెట్టింది, జుట్టు దువ్వింది, అబద్ధం ఆడితే వీపు మీద ఒకటి వేసింది. పెద్దవాడై మగ్గం ఎక్కాడు. మగ్గానికి పని లేకపోతే మస్కట్ పోయాడు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో అక్కడే పోయాడు. శవం రాలేదు. ఎవరో ఫోనులో చూపించారు, అంతే. ఇంటి ముందు చేయవలసినవన్నీ ఇంటివాళ్లే చేసుకున్నారు. ఒక్క నిద్ర మిగిలిపోయింది.

చావు జరిగిన ఇంటివాళ్లను, కర్మలయ్యాక, దగ్గరి చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెట్టుకుంటారు. కల్లు తాపి, కూర వండిపెట్టి, తెల్లవారి భుజం మీద కొత్త బట్ట వేసి పంపుతారు. అదే నిద్ర. ఆ తరువాతే దుఃఖంలో ఉన్నవాళ్లు మళ్లీ పదిమందిలోకి వస్తారు. అప్పుడు రోడ్లు బందై ఎవరూ రాలేదు. రోడ్లు తెరిచిన దగ్గరనుంచీ కోరుట్లలోని చెల్లెలు శాంత పిలుస్తూనే ఉంది. కనకయ్య ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి పెండ్లి అన్నాడు, మిగతా అన్నిసార్లూ కారు టైరన్నాడు. ఆ టైరుకు పడినన్ని పంక్చర్లు డిపోలోని బస్సులన్నిటికీ కలిపి కూడా పడి ఉండవు.

అసలు సంగతి ఒకే ఒక్కసారి భార్యతో అన్నాడు. "నిద్ర చేస్తే వాడు పోయినట్టె అయితది."

అప్పటినుంచి ఇద్దరూ చెరొక గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. నిద్రపోయినట్టు ఉండడంలో ఇద్దరికీ మంచి సాధన కుదిరింది.

కోరుట్లలో చీకటి పడితే చెల్లెలి ఇంటికి పోక తప్పదు. పోతే నిద్ర అయిపోతుంది. అందుకే ఈ కారు.

"సరె, పండుకో," అంది బాలమణి. "మొదలు ఈడ పండుకొని చూపియ్యి."

ఆ మధ్యాహ్నమే గల్లీలో కారు ఆపి, ముందు సీట్లు వెనక్కి వాల్చి కనకయ్య పడుకున్నాడు. తల బట్టల మూటల మధ్య ఇరికింది. కాళ్లకు చోటు దొరకక స్టీరింగు మీద పెట్టాడు. కళ్లు మూతపడబోతుండగా మడమ హారను మీద పడింది. ఉలిక్కిపడి కాలు తీయబోతే మోకాలు స్టీరింగు కింద ఇరుక్కుంది. హారను ఆగలేదు. మగ్గాలు ఆగిపోయాక ఆ గల్లీ అంత పెద్ద చప్పుడు వినలేదు. జనం బయటికి పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందే బాలమణీ?" అని అడిగింది ఎదురింటి నర్సక్క.

"ఏం గాలేదక్కా. మా ఆయన పండుకుంటున్నడు."

కారు లోపల పడుకోవడం కుదరదని తేలింది. కనకయ్య వెనక్కి తగ్గలేదు. బస్తాల మీద కప్పే తాడిపత్రి తెచ్చి, ఒక అంచు కారు మీది క్యారియరుకు, రెండో అంచు కరెంటు స్తంభానికి కట్టి, కింద చాప వేశాడు. చూడటానికి బాగుంది. గాలి కూడా ఆడుతోంది. విప్పేటప్పుడు తెలిసింది, ఆయన వేసింది మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి అని. నేతపని చేసిన చేతికి వచ్చే ముడి అదొక్కటే. గుంజినకొద్దీ బిగుస్తుంది. ఎన్నడూ విప్పవలసిన పని లేని ముడి.

"కత్తెర తేవే."

"తాడు కోస్తవా?"

"కొసకే గద."

మరునాడు మళ్లీ కట్టాడు, మళ్లీ కోశాడు. రోజుకింత తాడు తగ్గుతూ పోయింది. తాడు తగ్గినకొద్దీ అది స్తంభం పైదాకా అందక ముడి కిందికి వేయక తప్పలేదు, తాడిపత్రి కిందికి దిగుతూ వచ్చింది. ఆఖరుకు కనకయ్య దాని కిందికి పాక్కుంటూ పోవలసి వచ్చింది.

బాలమణి వంగి చూసింది. "ఇంకో రెండు అంగళ్లు పోతె ఇది దుప్పటైతది. కప్పుకొని పండుకో."

అప్పుడు కనకయ్య ఫోనులో వెతికి ఒక డేరా తెప్పించాడు. గుండ్రటి సంచిలో, పెద్ద అప్పడంలా వచ్చింది. విసిరితే చాలు దానంతటదే నిలబడుతుందట. ఒక్కరికి మాత్రమేనట. సంచి మీద ఒక మనిషి డేరాలో పడుకొని నవ్వుతున్నాడు.

"గంత నవ్వుకుంట పండుకున్నోనికి నిద్రెట్ల పడ్తదయ్యా?" అంది బాలమణి.

"నువ్వు చూస్తుండు. రెప్ప కొట్టేలోపు ఇల్లు తయారైతది."

రెప్ప కొట్టేలోపే తయారైంది. కాకపోతే వంటింటి గుమ్మంలో తయారైంది. సంచి జిప్పు లాగేసరికి డేరా పాము పడగలా లేచి, ఇటు గోడకు, అటు బియ్యం డబ్బాకు తన్నుకొని బిగుసుకుపోయింది. బాలమణి ఇవతల, పొయ్యి అవతల.

"మంచిదే," అంది ఆమె, చాట ముందుకు లాక్కుంటూ. "ఇయ్యాల నువ్వే వండు."

వేయడం సులువే. మలవడమే, అంటే మళ్లీ మడిచి సంచిలో పెట్టడమే, రాలేదు. ఫోనులో ఒక హిందీ మనిషి డేరాను ఒక్క మెలిక తిప్పి సంచిలో పెట్టేస్తున్నాడు. కనకయ్య అదే మెలిక తిప్పితే డేరా ఒకసారి పూరీ అయింది, ఒకసారి జిలేబీ అయింది, ఒకసారి ఆయన్నే లోపల పెట్టుకొని మలుచుకుంది. చీకటిపడే వేళకు ఆయన అలసి అరుగు మీద కూలబడ్డాడు. మొహం కడుక్కొని వచ్చేసరికి డేరా సంచిలో ఉంది.

"ఎట్ల మలిచినవే?"

"చేతులతోనే."

"నాకు జర నేర్పు."

"కోరుట్లల నేర్పుత."

"కోరుట్లలనా? నువ్వెందుకస్తవ్? ఇది ఒక్కరి డేరా."

"నువ్వు డేరాల పండుకో. నేను కారుల పండుకుంట. నా కాళ్లు స్టీరింగు దాక రావు. తెల్లారి దాన్ని మలిచేటోళ్లు లేకుంటె నెత్తి మీద పెట్టుకొని తిరుగుతవా?"

కనకయ్య ఆలోచించాడు. చెల్లెలి ఇంటికి పోనంతవరకు భార్య వచ్చినా నష్టం లేదనిపించింది. ఆయన ఆలోచనలు సాధారణంగా ఇక్కడి దాకా వచ్చి ఆగిపోతాయి.

అంగడి రోజు పొద్దున జగిత్యాల పోయారు. కనకయ్య తువ్వాలలు పరిచి, కొనేవాళ్ల మొహం చూడకుండా ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. బాలమణి పోయే ఆడవాళ్లనల్లా అక్కా, చెల్లే, వదినా అని పిలిచి సగం మూట ఖాళీ చేసింది. పొద్దుగూకే వేళకు కోరుట్ల చేరారు.

"డేరా ఏడ వేద్దాం?" అన్నాడు కనకయ్య.

"బస్టాండు అవతల తెలిసినోళ్ల జాగ ఉన్నది. చుట్టు ప్రహరీ, గేటు. భయం లేదు."

"ఎవరు తెలిసినోళ్లు?"

"నాకు తెలిసినోళ్లు. నీకు చెప్తె నువ్వు వాళ్ల టైర్ల గురించి అడుగుతవ్."

జాగా బాగుంది. చదును చేసి ఉంది. కనకయ్య సంచి విప్పి డేరా విసిరాడు. అది నిలబడింది. బాలమణి దూరంగా నిలబడి చూసింది.

"ఇటు జరుపు."

జరిపాడు.

"ఇంకింత ఇటు. ఆఁ, గంతే. ఇగ కదిలియ్యకు."

"ఏందే, ఇల్లు కడుతున్నమా వాస్తు చూసెటందుకు?"

ఆమె పోయి కారులో పడుకుంది. కనకయ్య డేరాలో దూరి, సంచి మీది మనిషిలా ఒకసారి నవ్వి చూశాడు. తరువాత ఏమైందో ఆయనకు తెలియదు.

తెలిసేసరికి ఎండ డేరా మీద పడింది. తల బయట పెట్టాడు. ఎదురుగా చేతికర్రతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

"మోకాళ్లకు మందిస్తరా సారూ?"

రోడ్డు పక్కన డేరాలు వేసుకొని మూలికల మందులమ్మేవాళ్లు ఆ దారిలో ఉంటారు. చెదిరిన జుట్టుతో డేరాలోంచి తల పెట్టిన మనిషిని చూస్తే ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

"నేను బట్టలమ్ముత పెద్దయ్యా."

"కట్టుకుంటె తగ్గుతదా?"

బాలమణి కారు దిగుతూ, "కూసోండ్రి పెద్దయ్యా. డాక్టరు ఇప్పుడే లేచిండు," అంది. ముసలాయన గేటు పక్కన రాయి మీద కూర్చున్నాడు.

ఆ గేటులోంచే శాంత వచ్చింది. ఒక చేతిలో వేడినీళ్ల బకెట్, ఇంకో చేతిలో పెద్ద టిఫిను క్యారియరు, చంకలో కల్లు సీసా.

కనకయ్య తల డేరా లోపలికి తీసుకున్నాడు. ఒక్కరికే సరిపోయే డేరాలో దాక్కోవడానికి చోటుండదు.

"బయటికి రా అన్నా. నీళ్లు సల్లారుతయి."

"నీకెట్ల తెలిసింది నేనీడున్నట్టు?"

"మా జాగల నువ్వు పండుకుంటె నాకు తెల్వదా?"

కనకయ్య భార్య వైపు చూశాడు. ఆమె ప్రహరీ గోడ వైపు చూస్తోంది, అక్కడేదో రాసి ఉన్నట్టు.

"జాగ నీదైతె కానియ్యి," అన్నాడు చివరికి. "నేను పండుకున్నది డేరాల. నీ ఇంట్ల కాదు."

"మా కొత్త ఇల్లింక లేపలేదంతె. కింద చూడు. మీ బావ మేస్త్రిని తోలుకొచ్చి సున్నం గీతలు పోయించిండు. అది ముందటర్ర. ఇది వంటర్ర. నీ డేరా ఉన్న కాడ పండుకునే అర్ర."

కనకయ్య కిందికి చూశాడు. నిన్నటి మసక చీకట్లో తాను గమనించని తెల్లగీతలు ఇప్పుడు కనిపించాయి. డేరా పడకగది నాలుగు గీతల నడిమధ్య, కొలిచి పెట్టినట్టు ఉంది.

"ఇటు జరుపు, ఇంకింత ఇటు," అని తనలో తాను గొణుక్కున్నాడు.

బకెట్ తీసుకొని గోడ చాటుకు పోయి స్నానం చేసి వచ్చాడు. శాంత ఆకులు వేసింది. కోడికూర వడ్డించింది. గ్లాసులో కల్లు పోసి ఇచ్చింది. వదినకు జాకెట్ ముక్క పెట్టి బొట్టు పెట్టింది. అన్న భుజం మీద కొత్త తువ్వాల వేసింది.

కనకయ్య దాని అంచు వేళ్లతో పట్టి చూశాడు. "ఇది నా తువ్వాల."

"రాత్రి నువ్వు పండుకోంగనె అమ్మిన," అంది బాలమణి. "నీ చెల్లె బేరం గూడ ఆడలే."

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆమె చెంప మీద సీటు కవరు గళ్లు అచ్చుపడి ఉన్నాయి. రాత్రంతా ఒకే పక్కన కదలకుండా నిద్రపోయిన మనిషికి పడే అచ్చు. ఇంట్లో ఇన్నాళ్లలో ఆ చెంప మీద చాప గీత ఒక్కటి కూడా చూడలేదని ఆయనకు అప్పుడు తట్టింది. గోడవైపు తిరిగి మేలుకొని ఉన్నది తానొక్కడే అని అంతవరకు అనుకున్నాడు.

శాంత మెల్లగా అడిగింది. "నిద్ర పట్టిందా అన్నా?"

పట్టలేదంటే సరిపోయేది, నిద్ర చేసినట్టు కాదు. ఇన్నాళ్లూ చెప్పిన అబద్ధాల ముందు అదొక లెక్క కాదు.

"పట్టింది చెల్లే," అన్నాడు. "మంచిగ పట్టింది."

అని, భుజం మీది తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. శాంత పక్కన కూర్చొని ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆకులో కూర చల్లారింది.

బాలమణి కొంగుతో కళ్లు తుడుచుకొని గేటు దగ్గరికి పోయింది.

"పెద్దయ్యా, ఇయ్యాల మందు లేదు. పోయిరాండ్రి."

"ఎందుకు బిడ్డా? డాక్టరు సారు ఏడుస్తున్నడేంది?"

"తమ్ముడు పోయిండు," అంది బాలమణి. ఆ మాట బయటికి అనడం ఆమెకూ అదే మొదలు. "మా మరిది. నేనే సాదిన."

ముసలాయన ఎప్పుడని అడగలేదు. ఎక్కడని అడగలేదు. తలకు చుట్టుకున్న రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లేవబోయినవాడల్లా మళ్లీ ఆ రాయి మీదే కూర్చున్నాడు, చావింటికి వచ్చినవాళ్లు కూర్చున్నట్టు. రోడ్లు బందైన నాడు ఎవరూ వచ్చి అట్లా కూర్చోలేదు.

కొంతసేపటికి తువ్వాల వెనకనుంచి కనకయ్య గొంతు వినిపించింది.

"శాంతా, పెద్దయ్యకు గూడ ఒక ఆకు వెయ్యి."