గుర్తించబడిన సభ్యులు

మనుషులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవడమనే మోటు అలవాటుకు సూర్యాపేటలో ఎట్టకేలకు మంగళం పాడారు. ఈ మహత్కార్యానికి పూనుకున్నది ఒక కిరాయి మేడ మీద వెలసిన సంచార సమావేశాల విభాగం. ఇకమీదట గొర్రెల కాపరుల సంఘాలు మీటింగులను ట్యాబ్లెట్ మీద, ఇంటర్నెట్ కాల్‌లోనే జరుపుకోవాలి. కాపరి ఎక్కడుంటే సమావేశం అక్కడికే నడిచి వస్తుంది. (వచ్చేటప్పుడు సిగ్నల్‌ను వెంట తెచ్చుకోదు. దాన్ని కాపరే సమకూర్చుకోవాలి.)

విభాగం పంపిన సూచనల పుస్తకంలో ట్యాబ్లెట్ సుగుణాలను మనసు పెట్టి రాశారు. అది పలుచన, తేలిక. ఒక చేత్తో పట్టుకోవచ్చు. (రెండో చెయ్యి నెత్తి కొట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది.) ఇంటర్నెట్ కాల్‌కు దూరాభారం లేదు. మునగాల ధాబా దగ్గరున్నవాడూ మిర్యాలగూడ మిల్లు దగ్గరున్నవాడూ ఏకకాలంలో ‘హలో, ఇనవడ్తుందా’ అని అరుచుకోవచ్చు. మీటింగుకు చాయ్, బిస్కెట్ల ఖర్చు లేదు. లోపాల కింద మాత్రం ఒక్కటే వాక్యం: ‘ఎండలో తెర కనబడదు.’ గొర్రెల కాపరి ఎండలో తప్ప మరెక్కడా ఉండడు. ఈ రెంటికీ ముడిపెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, ఆయనకు ప్రమోషన్ వచ్చిందని వినికిడి.

ఐలన్నకు ఈ సంగతులేవీ తెలియవు. ఆత్మకూర్ (ఎస్) మండలంలో అతని ఊరు. యాసంగి కోతలు కాగానే మందను తోలుకుని మిర్యాలగూడ వైపు సాగర్ కాలువ కిందికి వచ్చాడు. అక్కడ తండాకు చెందిన ఫూల్‌సింగ్ పొలంలో మంద కట్టాడు. కోసిన మడిలో జీవాలు మేస్తాయి, మడికి ఎరువు దొరుకుతుంది, ఇద్దరూ ఒకరికొకరు రుణపడకుండా ఉంటారు. అలా హాయిగా ఉన్నవాడి దగ్గరికి భార్య రాములమ్మ బస్సెక్కి వచ్చింది. సద్దిమూటలో జొన్నరొట్టెల మధ్య నుంచి ట్యాబ్లెట్ తీసి చేతిలో పెట్టింది.

“సంఘానికి ఒక్కటే ఇచ్చిండ్రయ్యా. పైలం. కుంట సంగతి దీంట్లనే తేలుతదట” అంది.

కుంట అనగానే ఐలన్న రొట్టెల మూటను పక్కన పెట్టాడు. ఊరి కుంట శిఖం భూమి, అంటే నీళ్ల అంచున ఉండే ఖాళీ నేల, వాళ్ల సంఘానికి వానకాలపు మేత. నాట్లు పడ్డాక పొలాల్లోకి మందను ఎవరు రానిస్తారు? ఆ నాలుగు నెలలూ జీవాలు కుంటలో మేస్తాయి, ఐలన్న సొంతింట్లో సొంత మంచం మీద పడుకుంటాడు. ఏడాదిలో అతను రాములమ్మ చేతి వేడి అన్నం తినేది అప్పుడే. ఇప్పుడా భూమిలో ‘ఆరోగ్య నడక వనం’ పెడతారట. ఊళ్లో పొద్దంతా నడిచే కాపరులకు నడక నేర్పడానికి చుట్టూ బాట, మధ్యలో బెంచీలు వేస్తారట. అభ్యంతరముంటే సంఘం ఇంటర్నెట్ సమావేశంలో తీర్మానం చేసి తెలపాలి. తెలపకపోతే సంతోషంగా ఒప్పుకున్నట్టు లెక్క.

“కుంట పోతే జీవాలను అమ్ముకునుడేనే. ఇగ మనం ఖతం” అన్నాడు ఐలన్న. అతనికి నిజంగానే భయం వేసింది.

సంఘంలో ఇరవై మంది. అందరూ మందలతో కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా చెల్లాచెదురుగా ఉన్నారు. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. అయితే ఏడో నియమం ప్రకారం ఫోన్ చెల్లదు (తెర చిన్నది, సభ్యుడి హుందాతనం పట్టదు). ట్యాబ్లెట్ ఒక్కటే గనక సభ్యులందరూ ఒకేసారి దాని ముందు కనబడాలి. అంటే ఎక్కడివాళ్లు అక్కడే ఉండి సమావేశంలో పాల్గొనడం కోసం అందరూ ఒకచోటికి రావాలి. ఫూల్‌సింగ్ పొలం పక్కన టవర్ ఉంది కాబట్టి అందరూ అక్కడికే బయలుదేరారు. జీవాలను ఎవరికి అప్పగించి రావాలి? అవీ వచ్చాయి.

సంఘం అధ్యక్షుడు ఉప్పలయ్య పెద్ద మనిషి. కోదాడ అవతల నుంచి మందతో నడిచొచ్చి, ఫూల్‌సింగ్ బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఒక్కటే మాటన్నాడు. “ఇంత దూరం నడిసినోళ్లం, ఇంకింత నడిస్తే సూర్యాపేట ఆఫీసుకే పోతుంటిమి గదరా.”

“పోతే లోపలికి రానియ్యరట పెద్దయ్యా. మొఖం సూపెట్టి మాట్లాడుడు బందట” అన్నాడు ఐలన్న.

సమావేశం రోజు పొద్దెక్కేసరికి నిప్పుల మీద నిలబడ్డట్టుంది ఎండ. ఫూల్‌సింగ్ తన ట్రాక్టర్ ట్రాలీ మీద మంచం నిలబెట్టి, దాని నీడవైపు ట్యాబ్లెట్ కట్టాడు. కాపరులందరూ రుమాళ్లు చుట్టుకుని, గొంగళ్లు కప్పుకుని మడిలో కూర్చున్నారు. వాళ్ల వెనక మందలన్నీ మూగాయి. తెర మీద ‘చేరండి’ అన్న మీట వెలిగింది. ఐలన్న వేలితో నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉప్పలయ్య నొక్కాడు. రాములమ్మ నొక్కింది. ఫూల్‌సింగ్ చెయ్యి తుడుచుకుని మరీ నొక్కాడు. కాయలు కాసిన వేళ్లను ట్యాబ్లెట్ వేళ్లుగా ఒప్పుకోదన్న సంగతి పుస్తకంలో రాయలేదు. (రాసినవాళ్ల వేళ్లకు కాయల్లేవు.)

ఇంతలో ఐలన్న మందలోని నల్లపోతు, అంటే కొమ్ములు తిరిగిన మేకపోతు, ట్రాలీ ఎక్కింది. దానికి కొత్త వస్తువు ఏది కనబడినా మూతి పెట్టి చూడనిదే తోచదు. తడి మూతి తెరకు తగిలీ తగలగానే ట్యాబ్లెట్ కళకళలాడింది.

‘స్వాగతం. మీ ముఖం చూపండి’ అంది లోపలి గొంతు. నల్లపోతు చూపింది. ‘ధన్యవాదాలు. మీరు గుర్తించబడ్డారు.’

“అరెరె, దాన్ని గుంజుర్రి!” అని ఐలన్న ఉరికేలోపే కాల్ కలిసింది. అవతల సూర్యాపేటలో సమన్వయ అధికారి సరళ కూర్చుని ఉంది. కోదాడ మనిషి, మాట మెత్తన.

“నమస్కారమండీ. హాజరు నూట పన్నెండు చూపిస్తోంది. ఏ సంఘానికీ ఇంత హాజరు లేదండీ, చాలా సంతోషం.”

ఐలన్న వెనక్కి తిరిగి చూశాడు. ముఖాలను లెక్కపెట్టే యంత్రానికి రుమాలు కింద, గొంగడి నీడలో ఉన్న కాపరుల నల్లటి మొహాలు ఆనలేదు. వాళ్ల వెనక ఎండలో తలెత్తి చూస్తున్న గొర్రెలు, మేకలు మాత్రం శుభ్రంగా ఆనాయి.

“మేడం, అవి గొర్లు! మనుషులం మేమున్నం గీడ!” అని గొంతు చించుకున్నాడు.

సరళకు ఆ మాట వినబడలేదు. ఈ ఇంటర్నెట్ కాల్‌లో అనవసర శబ్దాలను దానంతటదే తొలగించే గొప్ప సదుపాయం ఉంది. నూరు నోళ్లు ‘మే’ అంటుండగా ఎవడో ఒకడు ‘మేడం’ అంటే ఏది అనవసరమో యంత్రానికి తెలియదా? ఐలన్న మాటను చక్కగా తొలగించి, మిగతాది పంపింది.

“మీ అందరి ఏకాభిప్రాయం స్పష్టంగా వినబడుతోందండీ” అంది సరళ.

ఆమెను అని లాభం లేదు. అధికారి మొహమాటానికి పోకుండా ఉండేందుకు ఆమె తెర మీద బొమ్మలు రావు, అంకెలే వస్తాయి. ఎదుటివాళ్లను చూడకపోవడాన్ని నిష్పాక్షికత అంటారని ఆమెకు శిక్షణలో చెప్పారు. ఆమె నియమం చదివింది. “నడక వనం వద్దనేవాళ్లు చెయ్యెత్తండి. ఎత్తనివాళ్లు కావాలన్నట్టు లెక్క.”

ఇరవై మంది కాపరులు ఇరవై చేతులు ఎత్తారు. గుర్తింపు లేని మనుషుల చేతులను యంత్రం పట్టించుకోలేదు. నూట పన్నెండు మంది గుర్తింపు పొందిన సభ్యులు గడ్డి నములుతూ నిలబడ్డారు. మేసే నేలను తమ నోటితోనే వదులుకుంటున్న సంగతి ఆ మూగజీవాలకు తెలియదు. (ఇందులో వాటిని తప్పుపట్టడానికి మనకు మొహం చెల్లదు.)

“అయ్యో! ఏం గోస వట్టెరా నాయనా” అని ఉప్పలయ్య రుమాలు తీసి నేలకు కొట్టాడు.

“జీవాలను అవతలకు తోలుదమా?” అన్నాడు ఫూల్‌సింగ్.

“తోల్తే కోరం ఉండదన్నా. మేం దానికి కనవడ్తలేం. ఉంటే ఓడుడు, తోల్తే మీటింగే లేదు. ఎటూ సచ్చినం.” ఐలన్నకు ఏడుపొక్కటే తక్కువ.

రాములమ్మ మాత్రం నడుముకు కొంగు చుట్టింది. పుట్టింట్లో, అత్తింట్లో జీవాల వెంటే పెరిగిన మనిషి. ఏ జీవం ఎప్పుడేం చేస్తుందో ఆమెకు మొగుడి సంగతి కంటే బాగా తెలుసు.

“అట్ల మొత్తుకునుడు బంద్ జెయ్యి గని, గొర్లను అవతలకు కొట్టుర్రి. మేకలను ఉండనియ్యి. కోరానికి మేకలే సాలు” అంది.

“మేకలేం జేస్తయే?”

“జర సూడరాదు.”

గొర్రెలు గట్టు దిగాయి. సూర్యాపేటలో అంకె టకటకా పడిపోయింది. “కొందరు సభ్యులు వాకౌట్ చేసినట్టున్నారండీ, అది మీ హక్కు” అంది సరళ. “ఇంకా కోరం ఉంది. చివరిసారి అడుగుతున్నాను, వద్దనేవాళ్లు చెయ్యెత్తండి.”

రాములమ్మ చివర కొడవలి కట్టిన పొడుగు కర్ర తీసుకుంది. గట్టు మీది తుమ్మచెట్టు నుంచి నిండా ఆకున్న కొమ్మలు కోసి, కాపరుల చేతుల్లో తలా ఒకటి పెట్టింది. “పైకి వట్టుర్రి. అందీ అందకుంట” అంది.

తుమ్మాకును చూస్తే ఏ మేక ఆగుతుంది? ముందుగా నల్లపోతు వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు రెండూ గాల్లోకి ఎత్తింది. దాన్ని చూసి పక్కది లేచింది. చూస్తూండగానే మేకలన్నీ నిటారుగా నిలబడ్డాయి.

“అబ్బ! అందరూ ఎత్తారండీ! రెండేసి చేతులు!” సరళ గొంతులో నిజమైన ఆనందం పలికింది. “అభ్యంతరం ఏకగ్రీవంగా ఆమోదించబడింది. కుంట శిఖం సంఘం సభ్యులదే.”

ఇరవై మంది కాపరులు ఎగిరి గంతేశారు. ఫూల్‌సింగ్ ఈలలు వేశాడు. ఐలన్న అందరి ముందే రాములమ్మ చెయ్యి పట్టుకుని, సిగ్గుపడి వదిలేశాడు. “నువ్వుంటివి గాబట్టి దక్కిందే కుంట” అన్నాడు. ఆ పూట ఫూల్‌సింగ్ ఇంట్లో అందరికీ జొన్నరొట్టె, కారంగా కోడికూర. (ఎదురెదురుగా కూర్చునే తిన్నారు. విభాగానికి ఈ విషయం తెలియదు.)

వానలు పడ్డాయి. ఐలన్న మందను తోలుకుని ఊరు చేరాడు. కుంట చుట్టూ కొత్త కంచె, కొత్త గేటు. గేటుకు ఇంకో ట్యాబ్లెట్ బిగించి ఉంది. పైన బోర్డు: ‘ఈ మేత భూమి సంఘ సభ్యులకు మాత్రమే. ముఖం చూపి లోపలికి వెళ్లవలెను.’

నల్లపోతు ముఖం చూపింది. గేటు తెరుచుకుంది. దాని వెనక మేకలు, మేకల వెనక గొర్రెలు (వాకౌట్ చేసినంత మాత్రాన సభ్యత్వం పోదు) ఒక్కొక్కటే మర్యాదగా లోపలికి నడిచాయి. ఐలన్న రుమాలు తీసి, మొహం తుడుచుకుని నిలబడ్డాడు. ‘మీరు సభ్యులు కారు. దయచేసి సభ్యులకు దారి ఇవ్వండి’ అంది గేటు.

ఇక లోపల ఏ గొర్రె ఈనినా, ఏ పిల్ల ముళ్లలో ఇరుక్కున్నా ఐలన్న బయటినుంచి కేకలు వేయాలి. మూడు రోజులు అలాగే కేకలు వేసి, గొంతు పోయాక సరళకు కాల్ చేశాడు. (గేటు తెరను నొక్కింది నల్లపోతే. ఊళ్లో మేక మూతి ఇప్పుడు అందరికీ అవసరం.) చుట్టుపక్కల అరిచే జీవాలు లేకపోవడంతో ఈసారి ఐలన్న మాట అవతలికి పోయింది. జరిగిందంతా చెప్పాడు.

“నాకు మనిషో మేకో తెలిసే వీలు ఇవ్వలేదండీ” అంది సరళ, బాధగానే. “ఒక్కటే దారుంది. మీరు కొత్తగా సభ్యత్వానికి పెట్టుకోండి. పాత సభ్యుల్లో ఒకరు మీ పేరు ప్రతిపాదిస్తూ చెయ్యెత్తితే చాలు. ఇప్పుడే ఎత్తినా తీసుకుంటాను.”

“గంతేనా మేడం! జర ఆగుర్రి!” ఐలన్న ఉరుకులు పరుగుల మీద తుమ్మకొమ్మ కోసుకొచ్చాడు. నల్లపోతు పొద్దుటినుంచీ కుంటలో పచ్చగడ్డి మేసి, కాల్ నొక్కడానికే గేటు బయటికి వచ్చింది. కొమ్మను దాని మూతి ముందు ఆడించాడు. పైకెత్తాడు. బతిమాలాడు. “లెవ్వు బిడ్డా, నిన్ను పాలు తాపి సాదినోణ్ని, ఒక్కసారి లెవ్వు” అన్నాడు.

నల్లపోతు కొమ్మకేసి ఒకసారి చూసి, కాళ్లు ముడుచుకుని గేటుకు అడ్డంగా పడుకుని నెమరు వేయసాగింది.

“చెయ్యెత్తలేదండీ” అంది సరళ. “తిరస్కరించినట్టు నమోదు చెయ్యాలి. కారణం ఏమని రాయమంటారు?”

ఐలన్న కొమ్మ కింద పెట్టి, గేటు పక్కన కూలబడ్డాడు. అతను చెప్పిన కారణాన్ని సరళ మార్చకుండా నమోదు చేసింది: ‘సభ్యుడి కడుపు నిండింది.’