విద్యుత్ సంగీతం: శాఖలు, ఉపశాఖలు

విజయనగరంలో విద్యుత్ సంగీత ప్రోత్సాహక సమితి ఏర్పడిందనీ, దాని తొలి పోటీలు మొన్న ఫిబ్రవరిలో జయప్రదంగా ముగిశాయనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బోర్డు చూసి మొదటి వారం నలభై మంది కరెంటు బిల్లులు పట్టుకొచ్చారు. ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌ని తెలుగులో అలా అంటారని కార్యదర్శి సుహాసిని గారు వారికి ఓపిగ్గా వివరించి, తలా ఒక కరపత్రం ఇచ్చి పంపారు.

అధ్యక్షులు జగన్నాధం గారు ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించి రిటైరయ్యారు. ఏ కుటుంబానికి చెందిందో తేలనిదే ఆయన పువ్వును కూడా వాసన చూడరు. విద్యుత్ సంగీతంలో రెండు వందల పన్నెండు శాఖలున్నాయని ఇంటర్నెట్‌లో కనిపెట్టి, జిల్లా అవసరాల దృష్ట్యా వాటిని పదకొండుకు కుదించారు. ఆ పదకొండింటిలో ఒక్కదాన్నీ ఆయన వినలేదు. వింటే పక్షపాతం ఏర్పడుతుందని భయం.

"శాఖ తెలియకుండా ఆనందించడం ప్రమాదకరం," అని ప్రారంభ సభలో హెచ్చరించారు. "తర్వాత తెలిశాక ఆ ఆనందాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం." సభ చాలాసేపు చప్పట్లు కొట్టింది.

గరివిడిలో షాలిని అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి జిరాక్స్ షాపు నడుపుతుంది. గిరాకీ లేని వేళల్లో లాప్‌టాప్‌లో పాటలు కడుతుంది. ఆమె కట్టిన ఒక పాటలో ఫ్యాక్టరీ షిఫ్టు సైరనుంది, గూడ్సు బండి చక్రాల చప్పుడుంది, ఆ రెంటి మధ్య ఆమె నాయనమ్మ అప్పలమ్మ పాడిన ఊడుపుల పాట ఉంది. ఆరేళ్ల కిందట, మడిలో నడుం వంచి నాట్లు వేస్తూ అప్పలమ్మ పాడుతుంటే ఫోన్లో పట్టింది. ఆ తర్వాత అప్పలమ్మకు గొంతు ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆమెకు మిగిలింది గుసగుస మాత్రమే.

"ఒసే, ఆ పాట ఒక్కపాలి పెద్ద మైకు పెట్టెల్లోంచి వినాలనున్నాదే," అంది అప్పలమ్మ ఒకరోజు. "నా గొంతేనా అని సూసుకుంతాను."

అందుకని షాలిని పోటీకి దరఖాస్తు పెట్టింది. శాఖ అన్న చోట ఏమీ రాయలేదు. ఏమీ రాయని దరఖాస్తును సమితి స్వీకరించదు.

రెండోసారి సమితి వారి పదకొండు శాఖల్లోంచి 'ఇండస్ట్రియల్' అని రాసింది. అయితే ఆ శబ్దాలు తమవేనని ఫ్యాక్టరీ నుంచి ధ్రువపత్రం తెమ్మన్నారు. షాలిని తండ్రి ఏసుదానం అక్కడే కొలిమి దగ్గర పనిచేసి రిటైరయినవాడు. కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. సూపర్‌వైజరు పాటను రెండుసార్లు విని, "సైరన్ మాదేనండీ. కానీ మాది ఇంత బాగుండదు. నేను సంతకం పెట్టలేను," అన్నాడు. నిజాయితీపరుడు.

మూడోసారి 'హౌస్' అని రాసింది. అద్దె ఇంట్లో కట్టిన పాట హౌస్ కిందికి వస్తుందా అన్న విషయమై ఉపసంఘం రెండుసార్లు సమావేశమై, టీ తాగి, రాదని తేల్చింది. జానపదం అందామంటే జానపద కళల సంఘం వారు ప్లగ్గు పెట్టేది జానపదం కాదన్నారు. 'ట్రాన్స్' అంటే పూనకమని జగన్నాధం గారు అర్థం చేసుకుని, ఎవరికైనా పూనినట్టు డాక్టరు సర్టిఫికెట్ అడిగారు.

షాలిని సమితి ఆఫీసుకు వచ్చి ఆయన ముందు నిలబడింది.

"శాఖలు వద్దనడం లేదు సార్. ఇలాంటి పాట ఇంకోటి ఎతుక్కోవాలంటే పేరు కావాల. షాపులో అరల మీద సీటీలు అంటిస్తారు సూడండి, అలాగ పనికొస్తాది. కానీ సీటీ సూసి రుచి సెప్పీలేం కదా?"

"నువ్వు చెప్పింది ఏ వాదం కిందికి వస్తుందమ్మా?" అన్నారు జగన్నాధం గారు, పెన్ను తీసి.

చివరికి సుహాసిని గారు జాలిపడి 'ఇతరములు' అని పన్నెండో శాఖ సృష్టించి, ఆమెకు మధ్యాహ్నం ఒంటి గంటన్నర కేటాయించారు. అది భోజనాల సమయం.

పోటీ రోజు షాలిని పాట మొదలయ్యేసరికి హాల్లో మొదటి వరసలో అప్పలమ్మ, ఏసుదానం, కుర్చీలు అద్దెకిచ్చినాయన ఉన్నారు. సైరన్ మోగగానే భోజనాల లైనులోంచి కొందరు తొంగిచూశారు. చక్రాల చప్పుడు మీదికి అప్పలమ్మ గొంతు లేవగానే లైను చెదిరింది. పులిహోర ప్లేట్లతోనే జనం లోపలికొచ్చారు. ప్లేట్లు కుర్చీల మీద పెట్టి, ఆడవాళ్లు నడుములు వంచి నాట్లేస్తున్నట్టే అడుగులు వేశారు. జడ్జీలు కూడా కాలు ఆడించి, చూసుకుని ఆపుకున్నారు. అప్పలమ్మ మాత్రం కదల్లేదు. పెట్టెలకేసి చూస్తూ పెదాలు కదుపుతూ కూర్చుంది. పాట ఆగాక కొడుకు చెవి దగ్గరకు వంగి, "నానేరా. నానే," అంది.

మార్కులు నూటికి వేశారు. శాఖాశుద్ధికి అరవై, క్రమశిక్షణకు ముప్పై, సంగీతానికి పది. ఇతరములలో శుద్ధి అనే ప్రశ్నే ఉండదు కనుక షాలినికి అరవైకి సున్నా వచ్చింది. మొదటి బహుమతి గరాజ్ శాఖకు వెళ్లింది. ఆ శాఖలో తొమ్మిది మంది పోటీ చేయగా, తొమ్మిది మందీ సాలూరు లారీ షెడ్ల వారే. గెలిచిన ధనరాజు మైకు ముందు చెమటలు తుడుచుకున్నాడు.

"నాను రిపేరు సప్పుళ్లే ఎట్టినాను బాబూ. పాటంటే ఆ పిల్లది. ఇది ఆ పిల్లకిచ్చీండి."

"ఈ వినయం గరాజ్ శాఖకు సహజ లక్షణం," అని జగన్నాధం గారు అతని భుజాల మీద శాలువా కప్పేశారు.

బయట మెట్ల మీద జనం షాలినిని చుట్టుముట్టారు. అందరికంటే ఎక్కువసేపు ఆడిన ఒక పెద్దావిడ, నారాయణమ్మ గారు, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"మా యమ్మ పాడినట్టే ఉన్నాదమ్మా. ఎంత బాగా కట్టినావు! ఏ ఊరు? గరివిడా? మరి మీరేటోళ్లమ్మా?"

షాలిని చెప్పింది.

నారాయణమ్మ గారి నవ్వు అలాగే ఉంది. చేతులు మాత్రం మెల్లగా వెనక్కి వెళ్లాయి. "పాట మట్టుకు బాగున్నాది," అని, చెంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లారు.

షాలిని ఏం చెప్పిందో ఇక్కడ రాయలేదు. పాఠకుల్లో కొందరు ఈపాటికే పైకి వెళ్లి పేర్లన్నీ మరోసారి చూసుకుంటూ ఉంటారు. వారు తీరిగ్గానే రావచ్చు.