ఎవరికీ చెప్పని వైజాగు

ఆ శుక్రవారం ఉదయం కరుణాకర్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. సాయంత్రం రైలెక్కాలి, తెల్లారేసరికి వైజాగులో దిగాలి, తల్లికి సముద్రం చూపించాలి, ఆదివారం రైలెక్కి తిరిగి రావాలి. స్టేషను దగ్గర సత్రంలో ఒక గది, బండి మీద ఇడ్లీ, బీచికి సిటీ బస్సు. అశోక్‌నగర్ చౌరస్తాలో పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే దుకాణంలో జీతానికి పనిచేసే మనిషి అంతకంటే పెద్ద ప్రయాణం గురించి ఆలోచించడు. ఆలోచిస్తే ఇంట్లో వాళ్లు జ్వరమేమోనని చెయ్యి పట్టుకు చూస్తారు.

సముద్రం అడిగింది కమలవ్వ. ఆమెకు ఎడమకంటి చూపు ఇక రాదని, కుడికన్ను కూడా మెల్లగా మసకబారుతుందని, చుక్కల మందు దాన్ని కొంతకాలం ఆపుతుందే తప్ప బాగుచేయదని కంటి డాక్టరు చెప్పాడు. కమలవ్వ ఏడవలేదు. ఇంటికొచ్చి, చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "కన్నున్నప్పుడే ఒక్కసారి సముద్రం జూడాలె కొడుకా. టీవీల జూసుడు గాదు" అంది. ఆమె తన కోసం ఒకటి అడగడం కరుణాకర్ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అతనికి ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు నారాయణగూడ మార్కెట్లో తల్లికి నల్లకళ్లద్దాలు కొన్నాడు. ఎండకు మంచిదని చెప్పాడు గానీ, నిజానికి ఏదో ఒకటి కొనకపోతే ఊపిరాడని బాధ.

ఈ ప్రయాణానికి ఒకటే షరతు: ఎవరికీ చెప్పకూడదు. కిందటేడు నలుగురూ కలిసి నాగార్జునసాగర్ వెళ్దామనుకున్నారు. నలుగురంటే తను, భార్య స్వరూప, ఐదో తరగతి చదివే కూతురు వీణ, కమలవ్వ. ఆ మాట అడిక్‌మెట్‌లో ఉండే చెల్లెలు మంగ చెవిన పడింది. మంగ నుంచి ఆమె అత్తగారికి, అక్కడి నుంచి సిద్దిపేటలో స్వరూప అన్న శ్రీశైలానికి చేరింది. చివరికి బస్సు మాట్లాడుకోవాల్సి వచ్చింది. అందరూ డ్యాము గేట్లు చూసివచ్చారు. కమలవ్వ మాత్రం బస్సులో కూర్చుని టిఫిను డబ్బాలకూ చెప్పులకూ కాపలా కాసింది. ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నారు. ఆమె కూడా అంతే కదా అంది.

"ఈసారి మనం పొయ్యొచ్చినంక ఫోటోలు జూసి ఏడుస్తరు, ఏడ్వనీ" అన్నాడు కరుణాకర్. స్వరూప నవ్వింది. ఆ ఇంట్లో ఆ వారంలో వినిపించిన నవ్వు అదొక్కటే.

అంతా బాగానే ఉండేది, కమలవ్వకు దొంగల భయం లేకపోతే. గాంధీనగర్‌లో ఎవరో తాళం వేసి పెళ్లికి పోతే దొంగలు పడి ఇల్లు ఊడ్చారట, డబ్బాలో చింతపండు కూడా వదల్లేదట. "సామాన్లు మంగ ఇంట్ల బెడితెనె నేను రైలెక్కుత" అని కూర్చుంది. ఎంత చెప్పినా వినలేదు. సముద్రమడిగిన తల్లి, ఆమె మాట కొట్టేయడానికి కరుణాకర్‌కు మనసొప్పలేదు. మంగకు ఫోను చేసి, "జర కొన్ని సామాన్లు పంపుతున్న, రెండ్రోజులు పెట్టుకో. ఎందుకని అడగకు" అన్నాడు. చెల్లెలికి చెప్పకూడని మాటల్లో అది మొదటిదని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఎవరి కంటా పడకూడదని తెల్లవారుజామునే ట్రాలీ ఆటో పిలిపించాడు. కానీ వాళ్లుండేది చిక్కడపల్లికీ అశోక్‌నగర్‌కూ నడుమ ఉన్న గల్లీలో. నగరమంతా నిద్రపోయినా ఆ గల్లీ నిద్రపోదు. హాస్టళ్ల పిల్లలు పుస్తకాలు పట్టుకుని రాజ్యాంగం అధికరణాలు పైకి వల్లెవేస్తూ అటూ ఇటూ తిరుగుతుంటారు. టీవీ, సిలిండరు, మిక్సీ, చివర్లో స్వరూపకు అన్న కొనిచ్చిన కుట్టుమిషను అంతమంది కళ్లముందు నుంచే ట్రాలీ ఎక్కాయి.

పై అంతస్తు బాల్కనీలోంచి ఇంటి ఓనరు దక్షిణామూర్తి గారు తొంగిచూశారు. "ఏమయ్యా కరుణాకర్, ఎటు పోతోంది సామాను?"

ఆయనకు నిజం చెప్పే వీల్లేదు. ఆయన భార్యా మంగ అత్తగారూ ఒకే భజన బృందం. "టీవీ రిపేరుకు పంపుతున్న సార్" అన్నాడు కరుణాకర్.

"గ్యాసు బండ కూడా రిపేరుకేనా?"

"అది... లీకవుతున్నట్టుంది సార్."

"మరి కుట్టుమిషను?"

కరుణాకర్ ట్రాలీ వైపు చూశాడు. "ఎట్లనో ట్రాలీ వోతున్నది గదా సార్" అన్నాడు.

దక్షిణామూర్తి గారు బాల్కనీ నుంచి వెనక్కి తప్పుకున్నారు. ఏడేళ్లుగా అద్దెకుంటున్న మనిషి ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు ఖాళీ చేస్తున్నాడని ఆయన మనసు కష్టపెట్టుకున్నారు. మనసు ఎంత కష్టపడినా కాళ్లు మాత్రం చాయ్ బండి వైపు నడిచాయి. ఉద్యోగాల నోటిఫికేషను పడి రెండు రోజులైంది. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గది కోసం గల్లీ గల్లీ తిరుగుతున్నారు. అలాంటి సమయంలో ఆ చాయ్ బండి దగ్గర "మా కింది వాటా ఖాళీ అవుతోంది" అన్న మాట ఒకసారి అంటే చాలు.

ఇక అడిక్‌మెట్‌లో మంగ ట్రాలీ చుట్టూ రెండుసార్లు తిరిగింది. టీవీ ఎవరైనా పంపుతారు. కానీ వదినె కుట్టుమిషను ఇల్లు దాటడమేమిటి? ఎందుకని అడగొద్దని అన్న అనడమేమిటి? మొగుడూ పెళ్లాలు సామాను పంచుకుంటున్నారని ఆమెకు రూఢి అయిపోయింది. వెక్కుతూనే శ్రీశైలానికి ఫోను చేసింది.

శ్రీశైలం వెంటనే చెల్లెలికి ఫోను కలిపాడు. "ఏం జేస్తున్నవ్ చెల్లె?"

"బట్టలు సర్దుతున్న అన్నా" అంది స్వరూప అలవాటుగా. అంతలోనే షరతు గుర్తొచ్చి, "ఏం లేదు, ఊకెనె" అంది.

"బావ ఏడి?"

"నాకెర్కలేదు."

"ఏడుస్తున్నవా?"

"లేదన్నా, ఉల్లిగడ్డ కోస్తున్న" అంది స్వరూప. ఆమె నిజంగానే రైల్లోకి పులిహోర, ఉల్లిగడ్డ పచ్చడి చేసే ప్రయత్నంలో ఉంది. సిలిండరు పొద్దున్నే పోయిందన్న సంగతి ఆమెకు అప్పుడే గుర్తుకొచ్చి గొంతు తడబడింది. ఆ తడబాటు సిద్దిపేటలో మరోలా వినపడింది.

మధ్యాహ్నం కరుణాకర్ దుకాణం నుంచి తొందరగా వచ్చేసరికి ఇంటి ముందు నలుగురు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఒకడు గుమ్మాన్ని జానలతో కొలుస్తున్నాడు, మంచం పడుతుందో లేదో చూడటానికి. ఇంకొకడు కరుణాకర్‌ను గుర్తుపట్టి సంబరపడ్డాడు. "అన్నా, పొద్దుగాల మీ దగ్గరనె గైడు కొన్న. ఈ ఇల్లు మీదేనా? కలిసొస్తదన్నా."

"ఖాళీ అయితలేదు తమ్మీ."

"ఓనరు సార్ మాట ఇచ్చిండన్నా. రేపు పొద్దున పెట్టెలు దెచ్చుకుంటం."

కరుణాకర్ పరేషానయి పైకి వెళ్దామని మెట్టెక్కాడు. అప్పుడే గల్లీలోకి ఒక పెద్ద బండి వచ్చి ఆగింది. అందులోంచి శ్రీశైలం, అతని భార్య, ఇద్దరు మేనత్తలు, అందరికంటే చివర ఊరి పెద్దమనిషి రాజేశం దిగారు. రాజేశం వచ్చాడంటే పంచాయితీ అని అర్థం. ఆయన ఊరికే ఎక్కడికీ రాడు. వెనకే ఆటోలో మంగ, మంగ మొగుడు, పిల్లలు వచ్చారు. ఇంత గొడవేమిటని దక్షిణామూర్తి గారు కూడా దిగివచ్చి తలుపు పక్కన నిలబడ్డారు.

అందరూ చాప మీద కూర్చున్నారు. మేనత్త ఒకామె నీళ్లకోసం వంటగదిలోకి వెళ్లి, బయటికొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పొయ్యి గూడ వెలుగుత లేదు రాజేశమన్నా ఈ ఇంట్ల. సిలిండరు గూడ పంచుకున్నరు."

"కరుణాకరా" అన్నాడు రాజేశం గొంతు సవరించుకుని. "పిల్ల ఏం తప్పు జేసింది? మా ముంగట చెప్పు."

"ఏం తప్పు జెయ్యలేదు మామా."

"మరి నువ్వేం తప్పు జేసినవ్?"

కరుణాకర్ తలెత్తి గోడ వైపు చూశాడు. గోడ మీద గడియారం నడుస్తోంది. మూలన సంచులు కట్టిపెట్టి ఉన్నాయి, వాటి మీద ఇసుక తవ్వడానికి వీణ తెచ్చుకున్న ప్లాస్టిక్ బకెట్టు. అతను గడియారం వైపు చూసినప్పుడల్లా శ్రీశైలం పళ్లు కొరుకుతున్నాడు. స్వరూప గడియారం చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. అది చూసి మంగ గట్టిగానే ఏడ్చింది. "ఇంత మంచి వదినెను ఎట్ల ఎళ్లగొట్టబుద్ధయిందన్నా నీకు?"

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న కమలవ్వ నల్లకళ్లద్దాలు తీసింది. "ఎవ్వలు ఎవ్వల్ని ఎళ్లగొడ్తలేరు. నేను సముద్రం జూస్తనన్న. నా కన్ను పోతున్నది. అందుకు వైజాగు వోతున్నం. దొంగలు వడ్తరని సామాన్లు పంపిచ్చిన. ఇంతనె."

అందరూ తలలు దించుకున్నారు. కరుణాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు లేచి ఆటో ఎక్కితే రైలు అందుతుంది. కానీ ఆ తలలు దించుకోవడం పశ్చాత్తాపం కాదని కొద్దిసేపట్లోనే తెలిసింది.

"అంటే మమ్మల్ని ఇడిసిపెట్టి పోదామనుకున్నరు" అన్నాడు శ్రీశైలం.

"సామాన్లు బెట్టనీకె నేను గావాలె, సముద్రానికి వద్దా?" అంది మంగ.

"నేను గూడ సముద్రం జూడలే" అన్నాడు రాజేశం, నేల చూపులు చూస్తూ. అంత పెద్దమనిషి అలా అనేసరికి అందరి కడుపూ తరుక్కుపోయింది.

ఒక్కొక్కరినీ బతిమాలుకుని, మంగ కాళ్లు పట్టుకునేంత పనిచేసి, తలెత్తి చూసేసరికి రైలు సికింద్రాబాద్ దాటిపోయింది. టికెట్లు ఫోన్లోనే ఉండిపోయాయి. కరుణాకర్ గుమ్మంలో కూలబడ్డాడు. చిన్నప్పుడు పరీక్ష తప్పినప్పుడు కూడా అతనికి అంత దుఃఖం రాలేదు.

"అట్ల గూసుంటె ఎట్ల బావా?" అన్నాడు శ్రీశైలం మెత్తబడి. "బండి ఉన్నది గదా. ఇప్పుడు ఎల్తె పొద్దుగాలకు వైజాగుల ఉంటం. అత్తకు సముద్రం నేను జూపిస్త."

ఆ మాటతో ఇల్లంతా లేచింది. మంగ మొగుడు డ్రైవరుతో మాట్లాడాడు. మేనత్తలు ముందే వెళ్లి కిటికీ పక్క సీట్లు పట్టుకున్నారు. వీణ బకెట్టు ఎవరి ఒళ్లోనో చేరింది. కరుణాకర్ సంచి భుజానికి తగిలించుకునేటప్పుడు దక్షిణామూర్తి గారు దగ్గారు.

"నాదే పొరపాటు నాయనా. కానీ ఆ పిల్లలకు మాటిచ్చేశాను. పొద్దున్నే పెట్టెలతో వస్తారు. ఇంటికి తాళం కనిపిస్తే ఖాళీ అయిందనే అనుకుంటారు, నేను ఆపలేను. లోపల మనిషి కనిపిస్తే అది వేరే సంగతి."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కరుణాకర్ మొహం చూశారు.

"ఎవ్వలో ఒకలు ఉండాలె గదా బావా" అన్నాడు శ్రీశైలం.

ఆ మాట అతను ఇంతకు ముందు విన్నాడు, డ్యాము దగ్గర, తన నోటి నుంచే. సంచి దించాడు. చుక్కల మందు సీసా స్వరూప చేతికిచ్చి, "యాదుంచుకుని వెయ్యి. అవ్వను ముంగట నిలబెట్టు" అన్నాడు. స్వరూప తలూపింది. ఆమె కళ్లు మళ్లీ నిండాయి, ఈసారి ఎవరూ పట్టించుకోలేదు. కమలవ్వను వెనక సీట్లో ఇద్దరి నడుమ ఇరికించారు. బండి మలుపు తిరిగేదాకా ఆమె నల్లకళ్లద్దాలు వెనక్కే తిరిగి ఉన్నాయి.

మర్నాడు కుర్రాళ్లు ట్రంకుపెట్టెలతో వచ్చారు. చాప, గడియారం మాత్రమే మిగిలిన ముందుగదిలో కరుణాకర్ వాకిలికెదురుగా కూర్చుని, "ఖాళీ లేదు తమ్మీ" అన్నాడు. వాళ్లు ఖాళీ గోడల వైపూ అతని వైపూ చూసి, అన్నకు ఏదో అయిందని గుసగుసలాడుకుని వెళ్లిపోయారు. బయట చాయ్ తెచ్చుకుందామంటే ఇల్లు వదిలే ధైర్యం లేదు. ఆకలి కూడా వేయలేదు. ఈపాటికి అవ్వ చూసే ఉంటుంది అనుకున్నాడు. ఆ ఒక్క తలపుతోనే పొద్దెక్కేదాకా గడిపాడు.

ఫోను మోగింది. అవతల పెద్ద హోరు, గాలి, పిల్లల కేకలు, ఇటు తిరుగు అటు తిరుగు అంటూ ఫోటోలకు ఎవరినో నిలబెడుతున్న శ్రీశైలం గొంతు. స్వరూప ఫోను కమలవ్వకిచ్చింది.

"అవ్వా! సముద్రం కాడికి వచ్చినవా?"

"వచ్చిన కొడుకా. ఇసుకల గూసున్న. అందరి చెప్పులు నా దగ్గరనె ఉన్నయ్."

"జూసినవా మరి? ఎట్లున్నది?"

"సప్పుడు మస్తు పెద్దగున్నది."

కరుణాకర్ లేచి నిలబడ్డాడు. "కనవడ్తలేదా అవ్వా? రాత్రి చుక్కలు ఏసుకున్నవా? కన్ను మసక మసకనిపిస్తున్నదా?"

"కన్ను మంచిగనె ఉన్నది బిడ్డా" అంది కమలవ్వ. "ముంగట మనోళ్లు నిలవడ్డరు."