చూడ్డానికొచ్చినం

ఆదివారం అనుకున్న పని చిన్నదే. పదకొండింటికి మధురానగర్‌లో అద్దె ఇల్లు చూడాలి. పన్నెండులోపు ఓనరుకు ఔనో కాదో చెప్పాలి. పక్కింట్లో వదిలిన పాపను తెచ్చుకోవాలి.

ఘట్‌కేసర్ అవతల సొంతిల్లు కట్టుకున్న ఈ నాలుగేళ్లుగా సురేందర్ సోమాజిగూడ ఆఫీసుకు చీకటితో వెళ్లి చీకటితోనే వస్తున్నాడు. బడిలో ‘మా నాన్న’ బొమ్మ వేయమంటే ఐదేళ్ల యశస్విని ముసుగుతన్ని పడుకున్న ఒక ఆకారాన్ని వేసింది. టీచరు పదికి పది వేసింది. ఆ బొమ్మ చూసినప్పటి నుంచి అతని భార్య హైందవికి సొంతిల్లు కాస్త దూరమనిపించింది.

"గా రద్దీల ఉండగలుగుతవా?" అన్నాడు సురేందర్ మెట్రోలో.

"చూస్తే గద తెలిసేది," అంది హైందవి. ఆమె సంచిలో ఇంటి గురించి అడగాల్సిన ప్రశ్నల కాగితం ఉంది.

అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఐలయ్య నీళ్ల ట్యాంకరు పైపుతో కుస్తీ పడుతున్నాడు.

"చూడ్డానికొచ్చినం," అన్నాడు సురేందర్.

"మూడో అంతస్తుకు పోండ్రి సార్. పొద్దుగాల్నుంచి ఎదురుచూస్తుండ్రు."

ఓనరు ఫోనులో రెండో అంతస్తు అన్నట్టు గుర్తు. కానీ వాచ్‌మన్ కన్నా ఎవరికి తెలుస్తుందని ఎక్కేశారు. ఖాళీగా ఉందన్న ఇంట్లో సోఫాలున్నాయి, పట్టుచీరలో చంద్రమ్మ, కొత్త చొక్కాలో ఆమె భర్త రాజనర్సయ్య ఉన్నారు. కూర్చోగానే లడ్డూలు వచ్చాయి. ఖాళీ చేసి పోయేవాళ్లు ఇంత మర్యాద చేస్తారా అని హైందవి ఆశ్చర్యపోయింది.

"మీరిద్దరే వచ్చిండ్రా బిడ్డా?" అంది చంద్రమ్మ.

"ముందుగాల మేం చూసి, నచ్చితే పెద్దోళ్లను తోల్కొస్తం," అన్నాడు సురేందర్.

"గదే పద్ధతి."

హైందవి కాగితం తీసింది. "ఎన్నేండ్లయింది ఆంటీ?"

"ముప్పై ఒకటి నడుస్తుంది."

"అమ్మో! చూస్తే గట్ల అనిపిస్తలేదు."

"మస్తు పైలంగ చూసుకున్నం."

"నీళ్ల సంగతేంది?"

రాజనర్సయ్య గర్వంగా సర్దుకు కూర్చున్నాడు. "మా ఇంట్ల నీళ్లు తప్ప ఇంకోటి తాగే అలవాటే లేదమ్మా."

బోరు మంచిదన్నమాట. హైందవి టిక్కు పెట్టింది. "వానాకాలం కారుతదా?"

చంద్రమ్మ కాస్త తడబడింది. "మొదట్ల కారేది. డాక్టరుకు చూపించినంక తగ్గింది."

ఈ పక్క ప్లంబరును డాక్టరంటారు కాబోలనుకుంది హైందవి. "ఇంతకుముందు ఎవరన్న ఉండెనా?"

రాజనర్సయ్య దగ్గాడు.

"దాచుడెందుకు," అంది చంద్రమ్మ నెమ్మదిగా. "బెంగుళూరు పిల్ల ఒకామె ఉండె. ఏడాదికే పోయింది. ఇప్పుడేం లేదు."

"ఒక్క ఏడాదేనా? ఏమొచ్చింది?"

సురేందర్‌కు గడియారం కనబడింది. పన్నెండుకు పది నిమిషాలే ఉంది. వ్యవహారం తేల్చేద్దామని గొంతు సవరించుకున్నాడు. "ఏం ఫికర్ లేదంకుల్. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుందాం. కుదరకపోతే నెల ముందుగాల చెప్పి మా దారిన మేం పోతం."

రాజనర్సయ్య లేచి నిలబడ్డాడు. "ఏందయ్యా! పెండ్లికి అగ్రిమెంటా?"

సరిగ్గా అప్పుడే, కాఫీ కప్పుల ట్రే పట్టుకుని, తల నున్నగా దువ్వుకున్న యువకుడొకడు లోపలినుంచి వచ్చాడు.

"ఈయనెవరు?" అంది హైందవి.

"మా అభిలాష్! నువ్వు చూడ్డానికొచ్చిన పిల్లగాడు!" అంది చంద్రమ్మ.

హైందవి చేతిలోని కాగితం వంక చూసుకుంది. పిల్లవాడికి అప్పటికే నాలుగు టిక్కులు పడ్డాయి.

క్షమాపణలు, పక్కింట్లో పాపను వదిలొచ్చిన సంగతీ మెట్ల మీదే చెప్పుకుంటూ అందరూ రెండో అంతస్తుకు దిగారు. అక్కడ బోసి గోడల మధ్య హనుమత్ప్రసాద్ అనే పెద్దమనిషి, కూతురు మంజూషతో చాపమీద కూర్చుని ఉన్నాడు. పక్కన తాళాలతో ఐలయ్య.

"చూపులోళ్లను పైకి తోలిన గద. గీళ్లు ఇల్లు చూసేటోళ్లనుకున్న," అన్నాడు ఐలయ్య.

"సామానేం లేకపోతే అబ్బాయి నిరాడంబరుడనుకున్నామండీ," అన్నాడు హనుమత్ప్రసాద్. "ఇంతలో ఇతను ఫోనిచ్చాడు. అవతలాయన ‘నచ్చిందా, వేరేవాళ్లు కూడా అడుగుతున్నరు’ అన్నారు. మంచి సంబంధం చేజారుతుందేమోనని ఖాయం చేసుకోండి అనేశాను. తీరా ఆయన ఇంటి ఓనరటగా!"

హైందవికి ప్రాణం లేచివచ్చింది. "గంతే గద అంకుల్! పిల్లగాడు మీకు, ఇల్లు మాకు. మల్లొక ఫోను కొట్టి చెప్పండి."

హనుమత్ప్రసాద్ ఫోను తీశాడు. మంజూష ఆయన చెయ్యి పట్టుకుంది.

"పంజాగుట్ట హాస్టల్లో ఒక గదిలో నలుగురం ఉంటున్నాం నాన్నా. ఈ ఇల్లు నేను వదలను."

"మరి అబ్బాయో?"

"ఆలోచించి చెప్తాను."

అభిలాష్ ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. చంద్రమ్మ మాత్రం పైనుంచి లడ్డూలు తెచ్చి, కాగితంలో చుట్టి హైందవి చేతిలో పెట్టింది. "పాపకియ్యి బిడ్డా."

వీధిలోకొచ్చాక హైందవి ప్రశ్నల కాగితం మడిచి సంచిలో పెట్టేసింది. సోమవారం మళ్లీ చీకటితో మొదలవుతుంది.

"ఇంకో ఇల్లు చూద్దాం పా," అన్నాడు సురేందర్.

"రద్దీ అన్నవ్?"

"తప్పు ఇంట్ల జొరబడినోళ్లకు సుత లడ్డూలు కట్టిచ్చిండ్రు. మన కాలనీల సరైన ఇంటికి పోయినా ముందుగాల కుక్కను వదుల్తరు."

హైందవికి నవ్వొచ్చింది. పక్క వీధిలోనే టులెట్ బోర్డు కనబడింది. గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తి అడిగాడు. "ఎందుకొచ్చిండ్రమ్మా?"

హైందవి భర్త భుజం మీద చెయ్యి వేసి స్పష్టంగా చెప్పింది. "ఇంటికోసం. పిల్లగాడున్నడు."