టేకు ఇంటి కుళాయి

లోకంలో ప్రతి వస్తువుకూ రెండు రూపాలుంటాయి: ఒకటి అది ఉన్న రూపం, రెండోది ఫొటోలో పడ్డ రూపం. కుళాయి కనెక్షన్లిచ్చే కార్యాలయం రెండోదాన్నే గుర్తిస్తుంది.

పెద్ద వడ్రంగికి ఈ సంగతి తెలియదు. నలభై ఏళ్లు ఉలి పట్టిన మనిషి. చెదలతో విసిగిపోయిన కోడలు కొత్తింటి ముందుగోడకు టేకు చారలున్న అల్యూమినియం పలకలు వేయించినప్పటి నుంచీ ఆయన ఆ గోడవంక చూడడమే మానేశాడు. కార్యాలయం మాత్రం కుళాయి దరఖాస్తుకు జతచేసిన ఫొటోలో చూసింది. "సదరు టేకు ఏ చెట్టుది? నరకడానికి అనుమతి ఏది? అది తెచ్చేదాకా కనెక్షన్ లేదు" అని జవాబిచ్చింది. (చెట్టు సంతకం అడగలేదు. అదే పదివేలు.)

మామాకోడళ్లు పలక ముక్క పట్టుకుని వెళ్లారు. పెద్దాయన దాన్ని గుమాస్తా బల్లకేసి కొట్టాడు. ఠంగుమంది.

"విన్నావా నాయనా? కర్ర ఇలా మోగుతుందా?"

"చప్పుడుకి ఫారంలో గడి లేదు తాతా. కర్ర కాదని తేలితే అనుమతి అక్కర్లేదు. కానీ ఆ మాట వడ్రంగి చెప్పాలి."

"మరి నేనెవర్ని?"

"మీ ఇంటికి మీ సాక్ష్యం చెల్లదు."

"మీ శిష్యుణ్ణి పిలుద్దాం మావయ్యా" అంది కోడలు.

శిష్యుడు వచ్చాడు. గుమాస్తా అతన్ని నిబంధన ప్రకారం ఇంటి ముందు రోడ్డు మీద, ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టాడు (ముట్టుకుంటే నిజం తెలిసిపోయి నిష్పాక్షికత చెడుతుంది). గోడను చూడగానే అతని కళ్లు చెమర్చాయి.

"మా గురువుగారి ఇంటికి రేకులా! ఏ నోరండీ ఆ మాటన్నది? మేలురకం టేకు. రాసుకోండి!"

"మీ భక్తి తగలెయ్య! మావయ్యా, మీరైనా చెప్పండి."

పెద్దాయన నోరు తెరిచాడు. శిష్యుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన నోరు మూసుకున్నాడు. పైగా ఆ మాట చెవికి ఇంపుగానే ఉంది.

చేసేది లేక కోడలు అనుమతి ఫారం తీసుకుని లేని చెట్టుకు వయసు రాసింది, చుట్టుకొలత రాసింది, 'నరికిన కారణం' దగ్గర 'అడ్డంగా ఉంది' అని రాసింది. కార్యాలయం వెంటనే పాత తేదీ వేసి అనుమతించింది. (లేని చెట్లను నరికేవారంటే దానికి మొదటి నుంచీ జాలి.)

కుళాయి బిగించారు. నిగనిగలాడుతుంటే ఫొటో తీశారు. 'నీరు వచ్చుచున్నది' గడిలో టిక్కు పెట్టి గుమాస్తా వెళ్లిపోయాడు.

కోడలు బిందె పెట్టి కుళాయి తిప్పింది. గొట్టం రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"ఇదేంటి మావయ్యా?"

పెద్దాయన వంగి ఖాళీ బిందెను వేలితో కొట్టాడు. ఠంగుమంది.

"చప్పుడుకి గడి లేదమ్మా" అన్నాడు.