చెక్-ఇన్ కాని గుడారం

ప్రకృతి అందరిదీ. ఈ విషయంలో అమెరికాలోని ఏ రాష్ట్ర ప్రభుత్వానికీ రెండో అభిప్రాయం లేదు. కాకపోతే ఏ శనివారం ఎవరిదన్నది మాత్రం పదకొండు నెలల ముందే తేలిపోవాలి.

హెర్న్‌డన్‌లో ఉండే శేషగిరికి ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. అతని తొమ్మిదేళ్ల కూతురు నైనికకి మాత్రం ఎప్పుడో తెలుసు. క్లాసులో గుడారంలో పడుకోని పిల్ల తానొక్కతే అని ఆ పిల్ల రెండో తరగతిలోనే కనిపెట్టింది. వచ్చే ఎండాకాలం తప్పకుండా తీసుకెళ్తానని శేషగిరి మాటిచ్చాడు. ఆ ఎండాకాలం వెళ్లిపోయింది. మళ్లీ మాటిచ్చాడు, అదీ వెళ్లిపోయింది. మూడోసారి మాటివ్వబోతే నైనిక తీరు మారింది.

"ఇట్స్ ఓకే నాన్నా. నువ్వు బిజీ కదా," అంది.

ఎదురింటి పెద్దావిడ పలకరింపులా ఉన్న ఆ మర్యాద శేషగిరికి ఎక్కడో తగిలింది. ఆ రోజే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

బుకింగ్ తెరుచుకున్న క్షణంలోనే రాష్ట్రంలోని చెట్లన్నీ అమ్ముడుపోయి ఉన్నాయి. అలర్టులు పెట్టుకున్నాడు. ఆఫీసు మీటింగుల్లో ఒక కన్ను అటు వేసి ఉంచాడు. చివరికి మడ్డీ హాలో స్టేట్ పార్కులో అక్టోబరులో ఒక శనివారానికి ఎవరో బుక్ చేసుకున్న సైట్, అంటే గుడారం వేసుకునే జాగా, రద్దయింది. పట్టేశాడు. (ఎవరికో కాలు విరిగి ఉంటుంది. దేవుడు వాళ్లని చల్లగా చూడాలి.)

నిబంధనల పుస్తకం ఈమెయిల్లో వచ్చింది. దాన్ని చివరిదాకా చదివిన మనిషి ఆ పార్కు చరిత్రలో శేషగిరే అయి ఉండాలి. వీసా మీద బతికేవాడికి కింద చిన్న అక్షరాల్లో ఉన్నదే ముందు చదివే అలవాటు వస్తుంది. బయటి కట్టెలు పార్కులోకి తేకూడదు, పురుగులొస్తాయి. పార్కులో రాలిన కట్టెలు ఏరకూడదు, అవి ప్రకృతివి. ఆఫీసులో ప్లాస్టిక్ సంచుల్లో అమ్మేవే కట్టెలు. అంతా సబబుగానే తోచింది అతనికి.

శనివారం మధ్యాహ్నం పార్కు చేరేసరికి గోల్ఫ్ కార్టులో ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. పేరు గ్లెన్. రిటైరయ్యాక ఇక్కడ జీతం లేకుండా పనిచేస్తున్నాడు. చొక్కా జేబు మీద 'క్యాంప్ హోస్ట్, బి-లూప్ మరియు నిశ్శబ్ద వేళల ఉపసమన్వయకర్త' అని కుట్టి ఉంది. మనిషి మెత్తనివాడు. నైనికకి చెయ్యి ఊపాడు, సైట్ చూపించాడు, తర్వాత మొహం కొంచెం దించుకున్నాడు.

"గుడారం వేసుకోండి, ఇబ్బంది లేదు. కానీ సాయంత్రం ఆరయ్యేలోపు యాప్‌లో చెక్-ఇన్ అవ్వాలి. లేకపోతే మీరు రానట్టే లెక్క. సైట్ వెయిటింగ్ లిస్టులో వాళ్లకి వెళ్లిపోతుంది."

శేషగిరి ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు.

"ఇక్కడ సిగ్నల్ రాదు," అన్నాడు గ్లెన్, వాతావరణం గురించి చెప్పినట్టు.

"మరి గేటు బయటికెళ్లి చేసుకుని రానా?"

"చెక్-ఇన్ కాకుండా గేటు దాటితే సైట్ వదులుకున్నట్టు."

"మీరు నన్ను చూశారు కదండీ. నేను వచ్చానని మీరే రాసుకోవచ్చు కదా?"

"పోయినేడాది దాకా నేనే పెన్సిల్‌తో టిక్కు పెట్టేవాణ్ణి. సందర్శకుల సౌకర్యం కోసం ఆ పెన్సిల్ తీసేసుకున్నారు." గ్లెన్ గొంతు తగ్గించాడు. "సైట్ పదిహేడులో పిక్నిక్ టేబుల్ ఉంది. దాని మీదికెక్కి, వాటర్ ట్యాంకు వైపు తిరిగి, ఎడమ చెయ్యి పైకెత్తితే కొద్దిగా వస్తుంది."

ముందు గుడారం వేద్దామంది అతని భార్య పద్మజ. ముగ్గురూ కలిసి మొదలుపెట్టారు. డబ్బా మీద బొమ్మలో నవ్వుతూ ఒక్కడే వేసేసిన గుడారం అది. శేషగిరి ఇంజనీరింగ్ డిగ్రీలు రెండూ కలిసినా దాని తలా తోకా తేల్చలేకపోయాయి. నైనిక మాత్రం గడ్డి మీద బోర్లా పడుకుని, ఈ కడ్డీ ఆ గొట్టంలోకి, ఆ కొక్కెం ఈ చెవిలోకి అంటూ నడిపించింది. మధ్యలో జేబులో ఫోన్ మోగినట్టనిపించి శేషగిరి రెండుసార్లు తడుముకున్నాడు. ఆ వారాంతం సర్వర్లు చూసుకునే వంతు అతనిదే. చెట్ల మధ్య మూగబోయిన ఆ ఫోన్ని మొదట ఒకసారి ఆపి మళ్లీ వేసి చూశాడు. తర్వాత సుత్తి పట్టుకున్న నైనిక, "నాన్నా, మేకు స్ట్రెయిట్‌గా పట్టుకో, నీ వేలు కొట్టను, ప్రామిస్," అంటే ఆ సంగతి మర్చిపోయాడు. ప్రామిస్ నిలబడలేదు. వేలు నోట్లో పెట్టుకుని అతను గంతులేస్తుంటే తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వారు.

ఆ నవ్వులకి ఎదురుగా ఆగిన వ్యాన్ అద్దం దిగింది. అందులో ఒక కుటుంబం సీటు బెల్టులు కూడా విప్పకుండా కూర్చుని ఉంది. డ్రైవర్ సీట్లోంచి ఒకాయన దిగొచ్చాడు.

"నమస్తే అన్నా. నా పేరు రఘు. షాంటిలీల ఉంటం. వెయిటింగ్ లిస్టుల మేమే ఫస్ట్ ఉన్నం."

"ఓ," అన్నాడు శేషగిరి.

"మీరేం పరేషాన్ గాకండి. మీకు చెక్-ఇన్ అయితదనే మేం మనస్ఫూర్తిగ కోరుకుంటున్నం." అంటూనే వాచీ చూసుకున్నాడు. "అయినంక ఒక మాట చెప్పున్రి. కాకపోయినా చెప్పున్రి."

వాళ్లమ్మాయి హంసిక అప్పటికే బెల్టు విప్పుకుని నైనిక గుడారంలో దూరింది. పిల్లలకి వెయిటింగ్ లిస్టులు తెలియవు.

సైట్ పదిహేడు దగ్గర క్యూ ఉంది. అడవి నడిబొడ్డున, ఎర్రబడ్డ మేపుల్ చెట్ల కింద, జనం ఒకరి వెనక ఒకరు పద్ధతిగా నిలబడి ఉన్నారు. ఎవరూ చెట్ల వైపు చూడటం లేదు. టేబుల్ మీద ఒకావిడ ఎడమ చెయ్యి పైకెత్తి, స్వాతంత్ర్య దేవత భంగిమలో నిలబడి, ఇంటిపేరులో అక్షరాలు ఒక్కొక్కటే కొడుతోంది. సైట్ పదిహేడు అద్దెకి తీసుకున్న కుటుంబం ఆ పక్కనే నేల మీద కూర్చుని శాండ్‌విచ్‌లు తింటోంది. (వాళ్లకి చెక్-ఇన్ మొదటే అయిపోయింది. టేబుల్ మాత్రం దక్కలేదు.)

శేషగిరి వెనకే రఘు వచ్చి నిలబడ్డాడు, ముందు జాగ్రత్తగా.

వంతు వచ్చింది. టేబులెక్కాడు, తిరిగాడు, చెయ్యెత్తాడు. ఒక గీత సిగ్నల్ వచ్చింది. యాప్ తెరుచుకుని, ఈమెయిల్‌కి కోడ్ పంపానంది. కోడ్ వచ్చేలోపు దాని గడువు తీరింది. ఇంకోటి పంపింది. అది పట్టింది. అప్పుడు యాప్‌కి అతను మనిషేనా అన్న అనుమానం వచ్చింది. చిన్న చిన్న ఫోటోలు పరిచి, వీటిలో గుడారాలున్నవి గుర్తించమంది.

శేషగిరి కంగారుపడ్డాడు. ఆ చెట్ల వెనక తన గుడారం తనకి స్పష్టంగా కనిపిస్తోంది. ఫోటోల్లో ఉన్నది గుడారమో, టార్పాలిన్ కప్పిన పడవో మాత్రం తెలియడం లేదు. పడవేనని వదిలేశాడు. అది గుడారమట. ఈసారి ట్రాఫిక్ లైట్లు గుర్తించమంది.

"మూలకున్న స్తంభం గూడ కొట్టన్నా," అన్నాడు రఘు కిందనుంచి, మనసు మంచిది కావడం వల్ల.

స్తంభం కొట్టాడు. అంతలో ఆరయింది. ఫోన్లో ఒక వాక్యం వెలిగింది: 'ఈరోజు మీరు మా పార్కుకి రాలేకపోయినందుకు చింతిస్తున్నాం.'

పార్కులో, టేబుల్ మీద, చెయ్యి ఇంకా పైకెత్తే ఉన్న శేషగిరి దాన్ని రెండుసార్లు చదివాడు.

తర్వాత రఘు ఎక్కాడు. సైట్ అతనిదేనని యాప్ సంతోషంగా చెప్పింది. ఐదు నిమిషాల్లో ఒప్పుకోవాలంది. ఒప్పుకుంటున్నానని నొక్కితే కోడ్ పంపానంది. ఐదు నిమిషాలు అందులోనే గడిచాయి. ఆ తర్వాతి వరసలో ఎవరూ లేరు. సైట్ ఎవరిదీ కాకుండా పోయింది.

"గిదేం లెక్క అన్నా," అన్నాడు రఘు టేబుల్ దిగుతూ. ఇద్దరూ కలిసే వెనక్కి నడిచారు. ఓడిపోయిన జట్లు రెండూ ఒకే బస్సులో వెళ్తున్నట్టుంది.

గ్లెన్ అప్పటికే వచ్చి ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సిస్టమ్‌లో ఈ సైట్ ఖాళీగా ఉంది. ఖాళీ సైట్‌లో ఎవరూ ఉండకూడదు. నాకు ఈ మాట చెప్పడం ఇష్టం లేదు."

గుడారం జిప్పు సగం తెరుచుకుంది. నైనిక తల బయటికొచ్చింది. ఒక్కసారి అందరి మొహాలూ చూసింది.

"వెళ్లిపోవాలా నాన్నా? ఇట్స్ ఓకే," అంది మళ్లీ అదే మర్యాదతో. జిప్పు మూసుకుంది.

పదకొండేళ్లుగా ఈ దేశంలో శేషగిరి ఏ కౌంటర్ దగ్గరా నోరెత్తలేదు. లైసెన్సులో పేరు తప్పు పడితే ఆ తప్పు పేరుతోనే తిరిగాడు. విమానాశ్రయంలో పక్కకి నిలబడమంటే, అడక్కుండానే బూట్లు కూడా విప్పాడు. అలాంటివాడు ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఖాళీ సైట్‌లో మనుషులు ఉండకూడదు. ఒప్పుకుంటాను. మరి సామాను కనిపిస్తే?"

"దాన్ని వదిలేసిన సొత్తు అంటాం," అన్నాడు గ్లెన్.

"దాన్ని ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యం. చెయ్యకూడదు. నలభై ఎనిమిది గంటల దాకా ఉన్నదాన్ని ఉన్నచోటే..." గ్లెన్ ఆగాడు.

"లోపల ఉన్నవాటితో సహా కదపరాదు. మీ పుస్తకంలో చివరి పేజీకి ముందు పేజీ," అన్నాడు శేషగిరి.

గ్లెన్ గుడారాన్ని చాలాసేపు చూశాడు. లోపలి నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

"లోపల ఏముంది మేడమ్?" అని అడిగాడు, అధికారికంగా.

"ఇద్దరు ఆడపిల్లలు, ఒక గిన్నె పులిహోర," అంది పద్మజ.

"జిప్పు తీసి చూసే అధికారం నాకు లేదు," అన్నాడు గ్లెన్. అతని మొహంలో వెలుగొచ్చింది. "నేను అటు తిరిగి ఉన్నప్పుడు ఇంకెవరైనా లోపలికెళ్తే అది కూడా నాకు తెలిసే అవకాశం లేదు."

కార్టులోంచి నారింజ రంగు చీటీ తెచ్చి గుడారానికి కట్టాడు. 'వదిలేసిన సొత్తు. కదపరాదు.'

"సార్, మాది గూడ ఒకటుంది," అన్నాడు రఘు వ్యాన్ వెనక తలుపు తెరుస్తూ. "జర ఈ పక్కకే వదిలేస్తం."

ఆ సాయంత్రం రెండు వదిలేసిన గుడారాల మధ్య ప్రభుత్వ ముద్ర ఉన్న కట్టెలు మండాయి. పులిహోర, రఘు వాళ్ల సర్వపిండి కలిశాయి. గ్లెన్ తనిఖీకి వచ్చి, సొత్తు వేడిగా ఉందని నిర్ధారించుకుని, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. శేషగిరి గడ్డి మీద వెల్లకిలా పడుకుంటే నైనిక వచ్చి అతని చెయ్యి తలకింద పెట్టుకుంది. నక్షత్రాల గురించి, బడి గురించి, తనకి సాకర్ అసలు ఇష్టమే లేదన్న సంగతి గురించి చెప్పుకుంటూ పోయింది. సాకర్ సంగతి రెండేళ్ల నాటిది. చెప్పడానికి ఇప్పటికి వీలు చిక్కింది. శేషగిరి వింటూ ఉన్నాడు. వినడం తప్ప అక్కడ చేయగలిగింది ఇంకేమీ లేదు.

తెల్లారాక గ్లెన్ నివేదిక రాసుకోవడానికి వచ్చాడు. ముందు శేషగిరి వాళ్లది చూసి, గుడారం ఒకటి, ఆకుపచ్చది, లోపలి వస్తువులు మూడు, స్థితి బాగుంది అని రాసుకున్నాడు.

"గడువు తీరేలోపు యజమాని ఎవరూ రాకపోతే ఏమవుతుంది?" అని అడిగింది పద్మజ.

"లోపలివాటితో సహా రాష్ట్రానికి చెందుతుంది."

శేషగిరి కాఫీ తాగడం ఆపాడు. నలభై ఎనిమిది గంటల్లో అమెరికా తనని సొంతం చేసుకుంటుందని ఒకరు కాగితం మీద రాసి చెప్పడం అతనికి అదే మొదటిసారి. (గ్రీన్ కార్డు వరసలో అతని వంతు, లాయరు అంచనా ప్రకారం, నైనికకి మనవలు పుట్టాక వస్తుంది.) ఉండిపోదామా అన్నట్టు భార్య వైపు చూశాడు. సోమవారం బడి ఉందంది పద్మజ.

గుడారం మడిచారు. సొత్తు తనంతట తానే వెళ్లిపోయిందని రాయడానికి నివేదికలో గడి లేక గ్లెన్ కొంత బాధపడ్డాడు. నైనిక అతన్ని గట్టిగా వాటేసుకుంది. రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటి గేటు దాటాయి.

కొండ దిగి హైవే ఎక్కగానే సిగ్నల్ వచ్చింది. ఆ వెంటనే కారు స్పీకర్లన్నీ కలిసి మోగాయి. తెర మీద మేనేజర్ పేరు వెలిగింది.

నిబంధనల ప్రకారం, గడువు ఇంకా ఒక రోజు ఉండగానే, యజమాని వచ్చాడు.